పులి చేనికి పోయింది

ముందే చెప్పేస్తాను, నాకు కోపం ఎక్కువ. ఇరవై రెండేళ్ళుగా అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్న ఏ మనిషికైనా కోపం ఎక్కువే ఉంటుంది. లేదంటే ఆ మనిషి పని చేయడం లేదని అర్థం. పత్తికొండకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉంది మా ఊరు. రోజుకు రెండు బస్సులని పేరు, వచ్చేది ఒకటే. మా సెంటరులో ఇరవైమంది పిల్లలు, ఒక గది, ఒక గ్యాసు పొయ్యి, వండి పెట్టడానికి ఆయా భీమక్క, అరవడానికి నేను.

జూలైలో మా సెంటరుకు అడవి జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. ఇద్దరు పిల్లలు కలిసి మోయాల్సినంత పెద్దది. ఎనిమిది అట్ట పేజీలు, ఎనిమిది జంతువులు, పక్కన స్పైరల్ తీగ. ఏనుగు, సింహం, పులి, ఎలుగుబంటి, తోడేలు, నక్క, కోతి, జింక. ఒక్కో బొమ్మ కింద రెండు మూడు మాటలు. సంచి విప్పిన రోజు నేను కూడా పిల్లలతో పాటు నేల మీద కూర్చుని చూశాను. అబద్ధమెందుకు, ఆ పులిని చూస్తే నాకే ముచ్చటేసింది. నోరు తెరిచి, మీసాలు విప్పుకుని, పేజీలోంచి మన వైపే వస్తున్నట్టు ఉంటుంది.

గొడవంతా జింక దగ్గర వచ్చింది. బొమ్మ కింద ఇలా రాసి ఉంది: 'జింక సాధు జంతువు. పచ్చిక మేస్తుంది. ఎవరికీ హాని చేయదు.' నేను చదవడం ముగించేలోపే పిల్లలు ఆ పేజీని దబదబా గుద్దడం మొదలుపెట్టారు. ఈ మాటలు రాసినవాళ్ళెవరో మా వైపు ఎప్పుడూ చేను పెట్టి ఉండరు. మా మెట్టల్లో జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. బుడ్డలు, అంటే మా వైపు వేరుశనగ, మొలకెత్తి నాలుగాకులు వేశాయంటే చాలు, ఒక్క పూటలో చేనంతా ఊడ్చేసి పోతాయి. కొడితే కేసు, కొట్టకపోతే పంట లేదు. మా ఊరి పిల్లలకు మాటలు రాకముందే పళ్ళెం వాయించి 'హో' అంటూ జింకలను తోలడం వస్తుంది. వారం తిరిగేసరికి పుస్తకంలో జింకకు రెండు కళ్ళూ లేవు, పెన్సిలుతో పొడిచేశారు. ఎవరు చేశారర్రా అని అడిగితే ఇరవైమందీ చేతులెత్తారు.

పులి మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాళ్ళు కాదు. అందులోనూ యామిని. ఓబన్న మామ మనవరాలు, నాలుగేళ్ళది. పొద్దున రాగానే పుస్తకం తీసి, పులి పేజీ తెరిచి, దాని ముందు చక్కలముక్కలం వేసుకుని కూర్చునేది. మధ్యాహ్నం ఉడికించిన గుడ్డు ఇస్తే, పచ్చసొన ముందు పులికి చూపించి తర్వాత తనే తినేది. పులి యాడుంటాదని నన్ను రోజూ అడిగేది. శ్రీశైలం అడవిలో ఉంటుందే తల్లీ అని నేను రోజూ చెప్పేదాన్ని. మన ఊరికి ఎప్పుడొస్తాది అనేది. ముందు అన్నం తినమనేదాన్ని.

ఆగస్టులో ఒక శుక్రవారం పుస్తకం తెరిస్తే పులి లేదు. ఏడే పేజీలు. తీగను ఓపికగా వంచి, ఒక్క చిరుగు కూడా పడకుండా లాగిన పేజీ అది. పిల్లల పనైతే సగం చింపి సగం నమిలి ఉండేవాళ్ళు. వెంటనే తారీఖు చూసుకున్నాను, ఎందుకంటే మంగళవారం మా సూపర్‌వైజరు శివకుమారి మేడం తనిఖీకి వస్తున్నారు. మేడంది వేంపల్లె. వాళ్ళ నాన్నకు అక్కడ పెద్ద కిరాణా అంగడి ఉండేదట. ముందు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వెనక గోదాములో బస్తాలు మోసేవాళ్ళకు వినబడేలా పిలిచి పిలిచి పెరిగిన గొంతు. మేడం పక్క ఊరి సెంటరులో కేకేస్తే మా సెంటరులో నేను పమిట సర్దుకుంటాను.

భీమక్కను అడిగాను. పులిని తీసుకుని తాలింపు పెట్టుకుంటానా అని ఎదురడిగింది. పిల్లలను వరసగా నిలబెట్టి అడిగాను. అందరూ గోడ చూశారు. యామిని ఒక్కతే నోరు విప్పింది.

"పులి చేనికి పోయింది" అంది.

ఏ చేనికే అంటే మా చేనికి అంది. ఎందుకు పోయిందే అంటే జింకలను తినేదానికి అంది. నాలుగేళ్ళ పిల్ల మాట ఎవరు పట్టించుకుంటారు? ఊహాశక్తి చక్కగా పెరుగుతోందని ఆ పిల్ల కార్డులో టిక్కు పెట్టి, నా వెతుకులాటలో నేను పడ్డాను. ఇరవై రెండేళ్ళ అనుభవం ఇలాంటప్పుడే పనికిరాకుండా పోతుంది.

మంగళవారం వస్తానన్న మేడం శనివారమే దిగారు. అది మేడం పద్ధతి. చెప్పిన రోజు రావడం ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మానేశారు. కూర్చోగానే పుస్తకం తెమ్మన్నారు, పేజీలు తిప్పారు, వెనక్కి తిప్పారు. పులి యాడ అని అడిగారు. ఎండకు తీగ సాగి పేజీ జారిపోయిందని చెబుదామా, అసలు మాకు ఏడు జంతువులే పంపారని చెబుదామా అని నేను తేల్చుకునేలోపు యామిని లేచి మేడం చీర కొంగు పట్టుకుంది.

"మా చేన్లో ఉండాది. సూపిస్తా, రా."

మేడం నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. సరే పదండి అన్నారు. ఎటూ పోతున్నాం కాబట్టి పిల్లలు ఆరుబయట నేర్చుకుంటున్నట్టు వీడియో తీసి యాప్‌లో పెట్టమని కూడా నాకే చెప్పారు. సరేనని ఫోను తీశాను. ముందు యామిని, వెనక మేడం, ఆ వెనక ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని పిల్లలు, అందరి వెనక నేను. పదకొండు గంటల ఎండలో అర మైలు నడిచాం.

ఓబన్న మామ చేను నడుమ రెండు కట్టెలు పాతి, వాటికి పది అడుగుల ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో మా పులి. ఆ మీసాలు, ఆ నోరు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. కానీ దాని మెడలో ఒక గులాబీల దండ ఉంది. పులి పక్కన చేతులు జోడించి ఓబన్న మామ నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో 'మా చేనికి విచ్చేయు వారికి స్వాగతం, సుస్వాగతం. ఇట్లు, ఓబన్న మరియు కుటుంబ సభ్యులు.'

తర్వాత తెలిసింది ఏమిటంటే, పత్తికొండలో ఫ్లెక్సీలు వేసే జయరాజ్ పదేళ్ళుగా స్వాగతాలు, పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు తప్ప వేరే పని ఎరగడు. కంప్యూటరులో దండ, దండంపెట్టే ఫోటో, స్వాగతం ముందే సిద్ధంగా ఉంటాయి. మామ పులి పేజీ ఇస్తే పులిని అందులో పెట్టాడు. మనిషి మొహం లేకుండా ఫ్లెక్సీ వేస్తే ఊళ్ళో నవ్వుతారని, మామ ఆధార్ కార్డు అడిగి ఆ మొహాన్ని దండంపెట్టే ఒంటికి అతికించాడు. శ్రద్ధాంజలిలో పెట్టనందుకు సంతోషించాలి.

అదైనా నయమే. ఆ ఫ్లెక్సీ నీడలో పది పన్నెండు జింకలు పడుకుని ఉన్నాయి. మిగతా మంద చుట్టూ బుడ్డల చేన్లో తీరిగ్గా మేస్తోంది. స్వాగతం అన్నాక రాకపోతే బాగుండదన్నట్టు ఉన్నాయి. శ్రీశైలం అడవిలో జింకలకైతే పులి తెలుసు. మా మెట్టల్లో జింకలకు పులి అంటే ఎవరో ఏమి తెలుసు? తాతలనాటి నుంచీ చూసి ఎరగవు.

మేడం ఆ ఫ్లెక్సీని పై నుంచి కింద దాకా చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత మొదలుపెట్టారు.

"సర్కారు పులికి దండేసి నిలబెడతారా? ఎవుర్నడిగి తీసినారు? నీకు మెమో ఇస్తా. ఆయాకు మెమో ఇస్తా. ఒక్కొక్కరికీ కాదు, అందరికీ మెమో ఇస్తా."

మొదటి మెమోకు జింకలన్నీ తలలెత్తాయి. రెండో మెమోకు నీడలో పడుకున్నవి లేచి నిలబడ్డాయి. 'అందరికీ' అన్న మాట వినగానే మంద మందంతా గట్టు దూకి, కంప దాటి, దుమ్ము లేపుకుంటూ గుట్ట వైపు పారిపోయింది. ఇరవై రెండేళ్ళలో మెమో అనే మాటకు అంత మర్యాద ఇచ్చిన ప్రాణిని నేను చూడలేదు. చేను ఖాళీ అయింది. నా చేతిలో ఫోను అంతా రికార్డు చేస్తూనే ఉంది.

అప్పటిదాకా కందిచెట్ల వెనక నక్కి ఉన్న ఓబన్న మామ మెల్లగా బయటికి వచ్చాడు. చేతులు జోడించాడు, ఫ్లెక్సీలో ఉన్నట్టే.

"అమ్మా, నీ కాళ్ళకు మొక్కుతా. ఇంగొక్కసారి అను తల్లీ. ఆ పక్క ఇంగో మంద ఉండాది."

మేడం వెనక్కి తిరిగి నడిచిపోయారు. సోమవారం నాకు మెమో వచ్చింది. 'మీ కేంద్రమునకు చెందిన పులి అదృశ్యమైన విషయమై మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను' అని ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక భీమక్కకు చదివి వినిపించాను. ఆమె నవ్వింది.

ఆ సాయంత్రం ఓబన్న మామ యామినిని చంకనేసుకుని మా ఇంటికి వచ్చాడు. నేను దులపడానికి సిద్ధంగానే ఉన్నాను, దులిపాను కూడా. పిల్లల పుస్తకంలో పేజీ దొంగిలించడానికి ఆ నెరిసిన తలకు సిగ్గు లేదా అన్నాను. మామ అంతా విని, పంచె మడతలోంచి పులి పేజీ తీసి ఇచ్చాడు. నలిగింది, ఒక మూల వక్కాకు మరక. పిల్లను దింపడానికి వచ్చినప్పుడు లాగానని ఒప్పుకున్నాడు.

"బుడ్డలు ఒకసారి విత్తినాం, జింకలు తినె. రెండోసారి విత్తినాం. ఇదీ పోతే ఇంగ విత్తనం లేదు, సుగ్గే. కొడుకూ కోడలూ పోతారు, ఈ పిల్లనూ తీస్కపోతారు. కండ్లు కనపడని మా ముసిల్ది, నేను, ఈన్నే ఉండి దీన్నెట్ల సాకేది?"

సుగ్గి అంటే మా వైపు వాళ్ళకు చెప్పక్కరలేదు. పంట చేతికి రాని ఇళ్ళవాళ్ళు కార్తీకంలో లారీ ఎక్కి గుంటూరు వైపు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి పోతారు. పిల్లలు కూడా మూటలతో పాటు లారీలోనే. తిరిగొచ్చేసరికి ఉగాది. నేను నేర్పిన రంగులు, పాటలు అన్నీ ఆ చేలల్లో పోగొట్టుకుని వస్తారు. కొందరు రెండేళ్ళు అలా పోయి వచ్చాక బడి వైపు చూడనైనా చూడరు. ఏటా సగంమంది పోతారు, ఏటా నేను రిజిస్టరులో ఎర్ర ఇంకుతో సుగ్గి అని రాస్తాను. యామిని పేరు పక్కన కూడా అలా రాయాలా అనుకుంటూ గడప వైపు చూశాను. ఆ పిల్ల అక్కడ కూర్చుని, నా దగ్గర తీసుకున్న పులి పేజీని మోకాలి మీద పెట్టుకుని సాపు చేస్తోంది.

మామ అడిగింది ఒకటే. నా ఫోనులో ఉన్న మేడం గొంతు కావాలి.

ఆలోచించాను. పై అధికారి గొంతుతో జింకలను తోలించానని తెలిస్తే ఈసారి మెమోతో ఆగదు. కానీ మెమో వచ్చే వచ్చింది, నిండా మునిగినవాడికి చలేమిటి? మర్నాడే పత్తికొండ పోయి జయరాజ్ ముందు ఫోను పెట్టాను. ఆ నాలుగు మాటలు కత్తిరించి, ఉల్లిగడ్డల ఆటోలకు కట్టే మైకు పెట్టె ఉంటుంది చూడండి, అందులోకి ఎక్కించాడు. ముందు కొంచెం నాదస్వరం పెట్టమంటారా అని అడిగాడు. నా మొహం చూసి మానుకున్నాడు.

ఆ తర్వాత మా ఊరి పొద్దున ఎలా ఉండేదో ఏం చెప్పను. కోడి కూయకముందే చేను వైపు నుంచి 'నీకు మెమో ఇస్తా' అని వినిపించేది. మొదటి వారం నేను రోజూ ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. ఓబన్న మామ తెలివైనవాడు, పెట్టెను ఒకచోట ఉంచలేదు. ఒక రోజు గట్టు మీద, ఒక రోజు కందిచెట్లలో, ఒక రోజు బండరాయి పక్కన. మేడం ఏ మూల నుంచి తనిఖీకి వస్తారో జింకలకు తెలియకూడదని ఆయన లెక్క. జింకలు గుట్ట అవతలి బీళ్ళలోకి మారిపోయాయి. వాటికీ కడుపే కదా అని ఒక్కోసారి అనిపించేది. యామిని వచ్చి గుడ్డు కోసం చేయి చాపగానే ఆ మాట మరిచిపోయేదాన్ని.

చేను నిలబడింది. ఊడలు దిగాయి, కాయ పట్టింది. కార్తీకంలో లారీ వచ్చి ఊరి మధ్య ఆగితే, మా పిల్లలు పదకొండుమంది ఎక్కారు. యామిని ఎక్కలేదు. వాళ్ళమ్మా నాన్నా చేన్లో బుడ్డలు పీకుతున్నారు. ఆ రోజు లారీ కదిలేటప్పుడు నేను సెంటరు తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. పదకొండుమంది కోసం ఏడ్చానో, ఒక్కతి మిగిలినందుకు ఏడ్చానో నాకే తెలియదు.

మరుసటి వారం శివకుమారి మేడం దిగారు. ఈసారి దారిలోనే ఎవరో చూసి చెప్పారు కాబట్టి, మైకు ఆపేయమని మామకు కబురు పంపగలిగాను. చేను నిశ్శబ్దంగా ఉంది. ఇక భయం లేదనుకుని మేడం ముందు పుస్తకం పెట్టాను. పులి పేజీని టేపుతో తీగకు అతికించి ఉంచాను. మేడం ఆ పేజీయే తెరిచి, మిగిలిన తొమ్మిదిమందిలోంచి యామినిని పిలిచారు.

ఇదేం జంతువు అని అడిగారు. పులి అంది. యాడుంటాది అంటే మా చేన్లో అంది. మేడం ఒకసారి నన్ను చూసి, అయినా ఓర్చుకుని అడిగారు.

"సరే. పులి ఎట్ల అరుస్తాది?"

యామిని పలక కింద పెట్టింది. ఒక చేయి నడుం మీద వేసుకుంది, రెండో చేతి వేలు పైకెత్తింది, గడ్డం ముందుకు చాపింది. గది అదిరేలా అరిచింది.

"అందరికీ మెమో ఇస్తా."

వెనక ఎనిమిదిమందీ అందుకున్నారు. నీకు మెమో ఇస్తా, ఆయాకు మెమో ఇస్తా, వేంపల్లె యాస ఒక్కచోట కూడా తప్పలేదు. భీమక్క గరిటె పట్టుకుని పొయ్యి వెనక కూర్చుండిపోయింది. నాకు పారిపోవడానికి గుట్ట కూడా లేదు. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. వీడియో, మైకు పెట్టె, జయరాజ్, అన్నీ. తప్పు నాదే, మామను ఏమీ అనొద్దని కూడా చెప్పాను.

మేడం పులి పేజీకి వేసిన టేపును వేలితో నొక్కారు. జింకలు నిజంగానే పోయినాయా అని అడిగారు. పోయాయన్నాను. రోజూనా అన్నారు. రోజూ అన్నాను. అప్పుడు రిజిస్టరు తెమ్మన్నారు. ఎర్ర ఇంకు పేర్ల మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి, యామిని పేరు దగ్గర ఆపారు.

"ఈ పిల్ల పోలేదేమి?"

"చేను మిగిలింది మేడం" అన్నాను.

మేడం రిజిస్టరు మూయలేదు. ఆ గొంతు అంత చిన్నగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"పదహారేండ్లాయె నేను అరవబట్టి. నా మెమోలకు ఒక్క పిల్లన్నా సుగ్గికి పోకుండా ఆగిందా అంటే లేదు. ఈ పదకొండు మంది చేన్లు యాడుండాయో రాసియ్యి. జూన్లో విత్తనం పడినంక పిలువు. జింకలు తెలివైనవి, పెట్టెలో గొంతుకు అలవాటు పడతాయి. నేనే వచ్చి అరుస్తా."

అలా అని, నా సంజాయిషీ ఇంకా అందలేదని గుర్తు చేశారు. నేను ఇస్తానన్నాను. ముందు కాగితం తీసుకుని, లారీ ఎక్కిన ఒక్కో పిల్ల పేరు పక్కన వాళ్ళ చేను ఎటు వైపు ఉందో రాయడం మొదలుపెట్టాను.